వంటింట్లో నీడ, బల్ల మీద వెలుగు: పాత ఇళ్ల లైట్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ఇళ్ల వంటగది, భోజనాల గది లైట్ల గురించే. చాలామంది షేడు ఫొటో పంపి "ఇది మా ఇంటికి బాగుంటుందా" అని అడిగారు. ఫొటో చూసి చెప్పగలిగేది తక్కువండీ. కప్పు ఎంత ఎత్తులో ఉంది, పాయింటు దాకా వచ్చే వైరు ఎలా ఉంది, వెలుగు సరిగ్గా ఎక్కడ పడాలి అన్నవి తెలిస్తే ఏ లైటు కొనాలో సగం దానంతటదే తేలిపోతుంది. ఆ వివరాలు రాసిన వారి ప్రశ్నలే ముందుగా తీసుకున్నాం.

ప్రశ్న: మాది యాభై ఏళ్లనాటి ఇల్లు. వంటగది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. కప్పు 11 అడుగుల ఎత్తు. తలుపు పైన గోడకు ఒక ట్యూబులైటు ఉంది. గట్టు దగ్గర నిలబడితే నా నీడ నా చేతుల మీదే పడుతోంది. ఇంకా పెద్ద లైటు పెట్టిద్దామంటున్నారు ఇంట్లోవాళ్లు. ఏం తీసుకోమంటారు?

జవాబు: పెద్ద లైటు పెట్టిస్తే నీడ పోదు, ఇంకాస్త నల్లబడుతుంది. వెలుగు మీ వీపు వెనక నుంచి వస్తోంది. దాన్ని ఎంత పెంచితే గట్టు మీద మీ తలా భుజాలూ అంత స్పష్టంగా పడతాయి. మార్చాల్సింది లైటు చోటు. మీకూ గోడకూ మధ్యలో అది ఉండాలి.

గట్టు పైన కబోర్డులుంటే పని తేలిక. వాటి అడుగున ఎల్ఈడీ పట్టీ పెట్టించండి. అయితే గోడకు ఆనించి కాదు, కబోర్డు ముందు అంచుకు దగ్గరగా. గోడవైపు పెడితే టైల్సు మెరుస్తాయి గానీ కత్తి ఆడే చోటు మసకగానే ఉండిపోతుంది. కబోర్డులు లేకపోతే కప్పు నుంచి లైటును దించుకోవాలి. గోడ నుంచి 60 సెం.మీ. దూరంలో, అంటే గట్టు ముందు అంచుకు సరిగ్గా పైన, గట్టుకు సమాంతరంగా ఒక బ్యాటెన్ లైటు (ట్యూబులైటులా పొడవుగా ఉండే ఎల్ఈడీ లైటు) గానీ, రెండు మూడు వేలాడే లైట్లు గానీ వరసగా రావాలి. మీ తల ఆ గీతకు ఇవతలే ఉంటుంది కాబట్టి నీడ వెనక్కి పడుతుంది.

దించుకోవాలి అని ఎందుకంటున్నామంటే, మీ కప్పు 3.35 మీటర్ల ఎత్తులో ఉంది. గట్టు 85 సెం.మీ. ఎత్తు అనుకుంటే మధ్య దూరం 2.5 మీటర్లు. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అదే లైటును 90 సెం.మీ. రాడ్డుతో కిందికి దింపితే దూరం 1.6 మీటర్లవుతుంది. చిన్న షేడు లైటైతే దాని కింద వెలుగు దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. పొడవాటి బ్యాటెన్‌కు ఇంత లాభం ఉండదు గానీ తేడా మాత్రం కంటికి తెలుస్తుంది. దింపినా లైటు అడుగు నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటుంది, తలకు తగలదు.

ఇక లెక్క. కత్తితో పనిచేసే గట్టు మీద 500 లక్స్ వరకు ఉంటే కళ్లకు శ్రమ ఉండదు. మిగతా గదికి 200 చాలు. లైటు ఇచ్చే మొత్తం వెలుగును లూమెన్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక లూమెన్ పడితే ఒక లక్స్. మూడు మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు గట్టంటే 1.8 చదరపు మీటర్లు, అంటే 900 లూమెన్లు అక్కడికి చేరాలి. మూతలోనూ పక్కలకూ పోయేది కలుపుకుని 1,350 లూమెన్ల దాకా కొనాలి. గది మొత్తం 11 చదరపు మీటర్లు. ఎత్తైన కప్పూ, పొగ పట్టిన గోడలూ సగం వెలుగును మింగేస్తాయి కాబట్టి 200 లక్స్‌కు 4,400 లూమెన్లు కావాలి. నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్లు రెండు పెడితే సరిపోతుంది. వాటిలో ఒకటి గట్టు అంచు పైన, రెండోది గది మధ్యలో ఉండాలి. కప్పుకు తెల్ల సున్నం లేదా మెరుపు లేని తెల్ల పెయింటు వేయిస్తే ఇదే లైటుతో గది ఇంకాస్త తేటపడుతుంది. లైట్ల కంటే ముందు ఆ పని చేయించుకోండి.

పాత ట్యూబు పట్టీని ఉంచేసి అందులో ఎల్ఈడీ ట్యూబు బిగించే ఆలోచన ఉంటే మానుకోండి. ఎల్ఈడీ ట్యూబుల్లో కొన్నింటికి ఒకే చివర రెండు పిన్నులకు ఫేజు, న్యూట్రల్ ఇవ్వాలి. కొన్నింటికి ఒక్కో చివర ఒక్కోటి. కొన్ని చోకుతో పనిచేస్తాయి, కొన్నింటికి చోకు తీసేయాలి. ఇవాళ ఒక రకానికి వైరింగు మార్చిన పట్టీలో కొన్నేళ్ల తర్వాత ఇంకెవరో ఇంకో రకం పెడితే షార్టవుతుంది, లేదా ట్యూబు బిగిస్తుండగా రెండో చివర పిన్నులోకి కరెంటు వస్తుంది. పట్టీతో సహా మార్చేయడమే మేలు.

ఫాల్స్ సీలింగు వేసి పన్నెండు గుంట లైట్లు పెట్టించుకోమనే సలహా కూడా మీకు వచ్చే ఉంటుంది. గది మధ్యలో వరసలుగా వచ్చే ఆ లైట్లన్నీ మళ్లీ మీ వెనకే ఉంటాయి. లైటు కోసమే అయితే ఎత్తైన కప్పును కప్పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: కబోర్డుల కింద ఎల్ఈడీ పట్టీ అంటించాం. నున్నటి రాతి గట్టులో చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. వైరు కలిపిన చివర కాంతి బాగానే ఉంది, రెండో చివర మందంగా ఉంది. పైగా ఏడాది తిరక్కుండానే జిగురు వదిలి వేలాడుతోంది. పట్టీ నాసిరకమా?

జవాబు: పట్టీ కంటే బిగింపే నాసి. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

చుక్కలు: మెరుగుపెట్టిన రాయి అద్దంలా పనిచేస్తుంది, గట్టు మీద మీకు కనిపించేది పట్టీ ప్రతిబింబమే. మీటరుకు 60 ఎల్ఈడీలున్న పట్టీ అయితే ఒక్కో చుక్కా విడిగా తెలుస్తుంది. 120కి పైన ఉన్నదో, చుక్కలే కనిపించకుండా ఒకే గీతలా వెలిగే సీఓబీ రకమో తీసుకోండి. దాన్ని అల్యూమినియం ప్రొఫైలులో పెట్టి పైన పాలరంగు మూత వేయించండి. పారదర్శకమైన మూత వేస్తే డబ్బు దండగ. ప్రొఫైలు 45 డిగ్రీల వాలు రకమైతే ముందు అంచున బిగించి వెలుగును గోడవైపు వాల్చవచ్చు. అప్పుడు ప్రతిబింబం మీ కంటికి ఎదురు రాదు. కబోర్డు అడుగున ముందువైపు రెండున్నర, మూడు సెం.మీ. చెక్క బద్ద మరుగుగా ఉంటే కూర్చున్నవాళ్ల కళ్లలోకీ కొట్టదు.

చివర మందగించడం: పట్టీలోని రాగి పొర చాలా పలచన. 12 వోల్టుల పట్టీ పొడవు పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది, ఐదు మీటర్లకు చేరేసరికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉన్న పట్టీనే వాడుకోవాలంటే డ్రైవరు (ఇంటి కరెంటును పట్టీకి సరిపోయే వోల్టేజికి మార్చే డబ్బీ) నుంచి రెండో చివరకు కూడా వైరు లాగి రెండువైపులా కరెంటివ్వండి. కొత్తది కొంటే 24 వోల్టులది కొనండి. అదే వాట్లకు కరెంటు సగమే పారుతుంది కాబట్టి నష్టమూ తగ్గుతుంది. డ్రైవరు నుంచి పట్టీ దాకా 0.75 చ.మి.మీ. కంటే సన్నని వైరు వాడొద్దు. డ్రైవరు లెక్క ఇలా వేసుకోండి: మీటరుకు 8 వాట్ల పట్టీ మూడు మీటర్లంటే 24 వాట్లు. దానికి కనీసం ఐదో వంతు కలిపి 30 వాట్ల డ్రైవరు తీసుకోవాలి. సరిగ్గా 24 వాట్లదే తెస్తే అది ఎప్పుడూ పూర్తి బరువు మోస్తూ వేడెక్కి తొందరగా పోతుంది.

జిగురు: నూనె ఆవిరి పట్టిన చెక్క మీద ఏ జిగురూ నిలవదు. అల్యూమినియం ప్రొఫైలును మరలతో కబోర్డుకు బిగించి, దాన్ని స్పిరిటుతో తుడిచి, ఆరాక పట్టీ అంటించండి. ప్రొఫైలు వేడిని కూడా లాగేస్తుంది కాబట్టి పట్టీ ఆయుష్షు పెరుగుతుంది. పొయ్యికి సరిగ్గా పైన మాత్రం పట్టీ వద్దు, డ్రైవరు అసలే వద్దు. అక్కడ చిమ్నీ లైటు మీదే ఆధారపడండి. సింకు దగ్గర నీళ్లు చిందే అవకాశం ఉంటే ఐపీ44 లేదా అంతకు పైది అడగండి.

ప్రశ్న: బంధువులు పాత ఇత్తడి వేలాడే దీపం ఒకటి ఇచ్చారు. భోజనాల బల్ల పైన పెట్టుకోవాలని ఉంది. బరువు 6 కిలోలు ఉంటుంది. కప్పులో పాయింటు దగ్గర రెండే వైర్లు ఉన్నాయి, ఎర్తు లేదు. ఉన్న సీలింగు రోజుకే (కప్పుకు బిగించే, వైరు దిగే గుండ్రటి డబ్బీకే) తగిలించవచ్చా?

జవాబు: వద్దు. బరువు విషయంలోనూ కుదరదు, ఎర్తు విషయంలోనూ కుదరదు.

ముందు బరువు. సీలింగు రోజు నుంచి వేలాడే 0.75 చ.మి.మీ. వైరు 3 కిలోలకు మించి మోయకూడదు. అదీ కొత్త వైరు, కొత్త సీలింగు రోజు అయితే. మీ దీపం బరువును ఒక కొక్కెమో, గొలుసో, రాడ్డో మోయాలి. వైరు వదులుగా పక్కన నడవాలి. కొక్కెం దేనికి బిగుస్తోందన్నది అసలు ప్రశ్న. పాత ఇళ్లలో కప్పు కింది గిలాబు రెండు, రెండున్నర సెం.మీ. మందం ఉంటుంది, అది మరను పట్టుకోదు. మర పట్టడానికి రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు గిలాబులోనే ఆగిపోతే కొన్నాళ్లకు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. కాంక్రీటు స్లాబైతే గిలాబు దాటి కాంక్రీటులోకి 5 సెం.మీ. దిగేలా 8 మి.మీ. లోహపు యాంకర్ బోల్టు వేయించండి. స్లాబుకు తుప్పు మరకలున్నా, పెచ్చులు లేచినా ఆ చోట రంధ్రం పెట్టొద్దు, లోపలి ఇనుము ఉబ్బి ఉంటుంది. చెక్క దూలమైతే ముందు పొడుచు ఉలితో గుచ్చి చూడండి. సులువుగా దిగితే చెదలో పుచ్చో ఉన్నట్టే. గట్టిగా ఉంటే 6 మి.మీ. కొక్కేనికి 4 మి.మీ. రంధ్రం ముందుగా వేసి, మర భాగం 4 నుంచి 5 సెం.మీ. లోపలికి దిగేలా తిప్పాలి. ముందు రంధ్రం లేకుండా తిప్పితే పాత చెక్క చీలుతుంది.

బిగించాక దీపం కట్టేముందు 20 లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీసి ఒక గంట ఉంచండి. అది 20 కిలోలు, మీ దీపానికి మూడు రెట్లకు పైనే. ఆ గంటా కిందికి ఎవరినీ రానివ్వకండి.

ఇక ఎర్తు. ఇత్తడి దీపంలో ఒక్క వైరు పొర అరిగినా దీపమంతా కరెంటు పాకుతుంది. బల్బు మార్చేవాళ్లకో, తుడిచేవాళ్లకో షాకు కొడుతుంది. కాబట్టి లోహపు దీపానికి మూడు తీగల వైరు తప్పనిసరి. మీ పాయింటుకు ఎర్తు రావాలంటే మెయిన్ బోర్డు నుంచి పచ్చ వైరు ఒకటి లాగాలి. పైపు వైరింగైతే పాత వైర్లు తీసేటప్పుడే వాటి చివర కట్టి 1.5 చ.మి.మీ. వైర్లు మూడూ కొత్తవి లాగించుకోవడం ఒకే రోజు పని. చెక్క బద్దల మీద నడిచే పాత వైరింగైతే బద్ద పక్కన విడిగా పైపు వేయాలి. ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తాననే ఎలక్ట్రీషియను ఎవరైనా తగిలితే పని ఆపించేయండి. దారిలో న్యూట్రల్ తెగిన రోజున దీపం ఒళ్లంతా ఫేజవుతుంది. కుళాయి గొట్టానికి కలపడం కూడా అంతే ప్రమాదం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచేసే స్విచ్చు) బోర్డులో తప్పక ఉండాలి, కానీ అది ఎర్తుకు బదులు కాదు. ఎర్తు లేని చోట, మనిషి తాకాకే అది పడుతుంది.

ఎర్తు లాగడం ఎలాగూ కుదరదనుకుంటే ఇత్తడిది పక్కన పెట్టి, చతురస్రంలో చతురస్రం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ లైటు కొనండి. ఆ గుర్తున్నదానికి ఎర్తు అక్కర్లేదు.

పాయింటు విప్పినప్పుడు వైరు పొరను కూడా చూడండి. ఏళ్ల తరబడి పాత బల్బుల వేడికి హోల్డరు పైనున్న చివరి అడుగు మేర పొర ఎండిపోయి ఉంటుంది. నెమ్మదిగా వంచితే పగుళ్లిస్తే ఆ వైరును మళ్లీ వాడకండి. పైకి బాగున్నట్టు కనిపిస్తే 500 వోల్టుల మెగ్గరుతో (వైరు పొర కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే పరికరంతో) పరీక్షించమనండి. ఒక మెగా ఓం కంటే తక్కువ చూపిస్తే ఆ లైను మార్చాల్సిందే. పరీక్షకు ముందు ఆ లైనులోని ఎల్ఈడీ బల్బులూ డ్రైవర్లూ అన్నీ విప్పేయాలి, లేదంటే అవి కాలిపోతాయి.

ఇత్తడి దీపం లోపలి వైరు, హోల్డరు కూడా కొత్తవే వేయించండి. మర హోల్డరైతే ఫేజు మధ్య చుక్కకు, న్యూట్రల్ మర గోడకు రావాలి. తిరగేస్తే బల్బు తిప్పుతుండగా వేలికి ఫేజు తగులుతుంది.

ప్రశ్న: బల్ల ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. దాని పైన లైటు ఎంత పెద్దది ఉండాలి, ఎంత ఎత్తులో? ఇంకో చిక్కు, కప్పులో పాయింటు గది మధ్యలో ఉంది, బల్ల మాత్రం కిటికీవైపు రెండడుగులు జరిగి ఉంటుంది.

జవాబు: షేడు వ్యాసం బల్ల వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య ఉంటే కుదురుగా ఉంటుంది. మీకు 45 నుంచి 60 సెం.మీ. అంతకంటే వెడల్పైతే లేచేటప్పుడు తలకు తగులుతుంది. షేడు అడుగు అంచు బల్ల మీద నుంచి 75 నుంచి 85 సెం.మీ. ఎత్తులో రావాలి. కప్పు బాగా ఎత్తైతే ఇంకో 10 సెం.మీ. పైకి జరపవచ్చు, గదిలో మరీ కిందికి జారినట్టు కనిపించదు. బల్ల ఎత్తు 75 సెం.మీ. అనుకుంటే షేడు అంచు నేల నుంచి 150, 160 సెం.మీ. దగ్గర ఉంటుంది. కూర్చున్న మనిషి కన్ను దాదాపు 120 సెం.మీ. ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎదుటివారి ముఖం షేడు కింద నుంచి కనిపిస్తుంది. కానీ బల్బు కనిపించకూడదు. కొనేముందు షేడును ఆ ఎత్తులో పట్టించి కుర్చీలో కూర్చుని చూడండి. బల్బు అంచు కనిపిస్తే ఇంకా లోతున్న షేడు కావాలి. తీగ కనిపించే పారదర్శకమైన బల్బులు ఫొటోల్లో అందంగానే ఉంటాయి గానీ, వాటి ఎదుట కూర్చుని తినడం కళ్లకు శిక్ష.

వైరు కొనేటప్పుడు కప్పు ఎత్తులోంచి 155 సెం.మీ., షేడు ఎత్తు తీసేసి మిగిలినదానికి 30 సెం.మీ. కలపండి. కప్పు 335 సెం.మీ., షేడు 30 సెం.మీ. అయితే వేలాడే భాగం 150, కొనాల్సింది 180. పెంచడం కుదరదు, తగ్గించడం ఎప్పుడైనా కుదురుతుంది.

జరిగిన పాయింటుకు కప్పు పగలగొట్టక్కర్లేదు. బల్ల నడిమికి సరిగ్గా పైన ఒక కొక్కెం బిగించి, పాత పాయింటు నుంచి వైరును కాస్త వదులుగా తెచ్చి ఆ కొక్కెం మీదుగా దింపండి. దానికోసం పైన లెక్కకు ఇంకో 75 సెం.మీ. కలుపుకోవాలి. ఇలా చేసేది తేలికైన షేడుకే. కొక్కెం దగ్గర వైరు నలగకుండా ప్లాస్టిక్ పట్టు వేయించండి. బల్లను అప్పుడప్పుడు గోడకు జరిపేవాళ్లయితే అదే వైరుకు ఎత్తూ దించే బిగింపు ఒకటి పెట్టించుకోండి. బల్ల లేని చోట 155 సెం.మీ. ఎత్తులో వేలాడే షేడు నుదుటికి తగిలి తీరుతుంది.

వెలుగు ఎంతంటే, ఒక్క షేడులో 800 నుంచి 1,000 లూమెన్లు చాలు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చింది 700, 800 లూమెన్లే, ఇప్పటి 9 వాట్ల ఎల్ఈడీకి సమానం. బల్ల ఆరడుగులు దాటితే ఒక పెద్ద షేడుకు బదులు చిన్నవి రెండు మేలు.

ప్రశ్న: భోజనాల గదిలో స్విచ్చు ఆపేసినా ఎల్ఈడీ బల్బు సన్నగా వెలుగుతూనే ఉంది. ఇంకోచోట ఒకటి కొన్ని సెకన్లకోసారి మిణుక్కుమంటోంది. బల్బు మార్చినా అంతే. ప్రమాదమా?

జవాబు: కారణాన్ని బట్టి. మిణుకుమనేది దాదాపు ఎప్పుడూ స్విచ్చులోని చిన్న ఇండికేటరు దీపం వల్లే. దానిగుండా సన్నని కరెంటు ఎప్పుడూ పారుతుంటుంది, బల్బు డ్రైవరులోని కెపాసిటరు దాంతో మెల్లగా నిండుతుంది. నిండగానే ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది, మళ్లీ నిండుతుంది. ఇండికేటరు లేని స్విచ్చు వేస్తే ఆగిపోతుంది. ప్రమాదం లేదు.

సన్నగా ఎడతెగకుండా వెలిగేదాని విషయంలో ముందు తేల్చుకోవాల్సింది స్విచ్చు ఫేజు మీద ఉందా, న్యూట్రల్ మీద ఉందా అన్నది. పాత ఇళ్లలో తర్వాత తర్వాత చేరిన పాయింట్లకు న్యూట్రల్‌ను తెంచి స్విచ్చు పెట్టడం తరచుగా కనిపిస్తుంది. అప్పుడు స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజు ఉంటూనే ఉంటుంది. ఆపేశాను కదా అని బల్బు మార్చేవారికి అది ప్రాణాంతకం. ఎలక్ట్రీషియను చేత ఈ పరీక్ష చేయించండి: బల్బు తీసేసి, స్విచ్చు ఆపి, స్విచ్చు వెనక రెండు టెర్మినళ్లనూ టెస్టరుతో చూడాలి. ఒకటి వెలిగితే ఫేజు స్విచ్చుకే వస్తోంది. ఏదీ వెలగకపోతే స్విచ్చు న్యూట్రల్ మీద ఉంది, బోర్డులోనే మార్పించాలి. దాన్ని వాయిదా వేయకండి.

ఫేజు సరిగానే ఉండి, ఇండికేటరూ లేకపోయినా వెలుగుతుంటే, ఒకే పైపులో చాలా దూరం పక్కపక్కనే నడిచిన వైర్ల మధ్య ప్రేరణ వల్ల చేరే కరెంటది. ప్రమాదం కాదు, చికాకు మాత్రమే. 220, 240 వోల్టుల సరఫరాలో హోల్డరుకు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం 275 వోల్టుల కెపాసిటరును 100 ఓముల రెసిస్టరుతో వరసగా కలిపి పెడితే ఆ కరెంటు దానిగుండా పోతుంది. రెండూ కలిపి మూసిన చిన్న డబ్బీగానే తెచ్చుకుంటే మంచిది. మామూలు కెపాసిటరును మాత్రం అలా వాడనివ్వకండి.

ప్రశ్న: ఫ్యాను ఉన్న భోజనాల గదిలో కప్పుకు నాలుగు లైట్లు పెట్టించాం. ఫ్యాను వేస్తే గది అంతా అల్లాడుతున్నట్టుంది, తలనొప్పి వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: లైట్లు రెక్కల కంటే పైన ఉండి, వెలుగు రెక్కల మధ్య నుంచి దిగుతోంది. 1,200 మి.మీ. ఫ్యాను నిమిషానికి 330 చుట్లు తిరుగుతుందనుకోండి. మూడు రెక్కలు కలిసి సెకనుకు 16 సార్లు వెలుగును కోస్తాయి. ఆ వేగం కంటికి బాగా తెలుస్తుంది. లైట్లను మార్చినా, ఖరీదైనవి తెచ్చినా పోదు, చోటు మారాలి. ఫ్యాను నడిమి నుంచి రెక్క చివరకు 60 సెం.మీ. అక్కడి నుంచి కనీసం ఇంకో 30 సెం.మీ. అవతల ఉన్న లైట్లనే ఉంచండి. వాటిలోనూ వెలుగు విశాలంగా పరుచుకునే రకమైతే అంచు కిరణాలు రెక్కలకు తగులుతూనే ఉంటాయి. ఇరుకు కోణం ఉన్నవి వేయించండి. మిగతావాటికి బదులు గోడ లైట్లు పెట్టుకోవచ్చు. అవి నేల నుంచి ఆరడుగుల ఎత్తులో, అంటే రెక్కలకు బాగా కింద ఉంటాయి. బల్ల పైన వేలాడే షేడు కూడా కావాలంటే ఫ్యానును ఒక పక్కకు జరపాల్సిందే. ఒకదాని కింద ఒకటి ఉంటే గాలికి షేడు ఊగుతుంది, బల్ల మీద నీడలన్నీ దాంతోపాటు ఊగుతాయి.

ప్రశ్న: తెల్ల లైటా, పసుపు లైటా? మా వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ లేదు.

జవాబు: లైటు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు. గోడ ఉంటే వంటగట్టుకు 4,000 కెల్విన్లు, బల్లకు 2,700 అని చెప్పేవాళ్లం. మీకు గోడ లేదు కాబట్టి రెండుచోట్లా 3,000 పెట్టుకోండి. ఒకే చూపులో 6,500 ఒకవైపు, 2,700 ఇంకోవైపు కనిపిస్తే ఒకటి నీలంగా, ఒకటి మాసినట్టుగా అనిపిస్తుంది. అయితే రంగు కంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయన్నదే వంటగదిలో ముఖ్యం. డబ్బా మీద సీఆర్‌ఐ అంకె చూడండి. 80 మామూలు, 90 మంచిది. ఆర్9 అని విడిగా రాసి ఉంటే అది ఎరుపు చూపించే శక్తి. అది 50 దాటితే తరిగేవి తాజావో కావో, ఉడికేది రంగు తిరిగిందో లేదో సరిగా తెలుస్తుంది. బల్బులన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనండి. వేరే కంపెనీ 3,000 పక్కన పెడితే ఛాయ తేడా వస్తుంది.

ప్రశ్న: వంటగదిలో తాతల నాటి తెల్ల గాజు గోళం ఉంది, అన్నివైపులా మూసుకుని ఉంటుంది. అందులో ఎల్ఈడీ బల్బులు ఆరు నెలలకు మించి బతకడం లేదు.

జవాబు: ఎల్ఈడీ బల్బులో ముందుగా చచ్చేది వెలిగే ముక్క కాదు, బల్బు మొదలు దగ్గర ఉండే డ్రైవరులోని కెపాసిటరు. దాని చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుంది. మీ గోళంలో బల్బు మొదలు పైకి ఉంటుంది, వేడిగాలి అంతా సరిగ్గా అక్కడికే చేరుతుంది, బయటికి దారి లేదు. గోళం మీద 60 వాట్లు అని ఉంది కదా, 12 వాట్ల ఎల్ఈడీ ఎంత అనుకోకండి. ఆ అంకె గాజుకూ హోల్డరుకూ సంబంధించింది, బల్బు క్షేమానికి కాదు. మూసిన షేడుకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదాన్నే కొనండి, 5 నుంచి 7 వాట్లకు మించకండి. గోళం పై అంచుకూ పళ్లేనికీ మధ్య మూడు చోట్ల 3 మి.మీ. రబ్బరు బిళ్లలు పెట్టి సందు వదిలితే వేడి కొంత పోతుంది. గోళం బిగింపు వదులు కాకుండా మాత్రం చూసుకోండి. పురుగులు దూరతాయి, నెలకోసారి దింపి కడగాలి. నూనె ఆవిరి పట్టిన గాజును ఎలాగూ కడగాల్సిందే.

చిన్న ప్రశ్నలు

వంటగదిలో గుడ్డ షేడు పెట్టవచ్చా? వద్దు. నూనె జిడ్డు నేతలోకి దిగితే ఉతికినా పోదు, దుమ్ము దాని మీదే పేరుకుంటుంది. గాజు, ఎనామెల్ పూసిన రేకు, పింగాణీ అయితే సబ్బు నీళ్లతో తుడిచేయవచ్చు. భోజనాల గదిలో, వంటగదికి దూరంగా అయితే గుడ్డ బాగానే ఉంటుంది.

ఫ్యాను రెగ్యులేటరుతో బల్బు వెలుగు తగ్గించుకోవచ్చా? కుదరదు. అది మోటారు కోసం చేసింది. దానికి ఎల్ఈడీ తగిలిస్తే మిణుకుతుంది, గుయ్యిమంటుంది, కొన్నాళ్లకు ఏదో ఒకటి కాలుతుంది. డిమ్మబుల్ అని రాసిన బల్బు, ఎల్ఈడీ కోసమే చేసిన ట్రైలింగ్ ఎడ్జ్ డిమ్మరు, రెండూ కలిపి కొనాలి. పాత డిమ్మరుంటే దాని మీద కనీస లోడు చూడండి. 40 వాట్లు అని ఉంటే ఒక్క 9 వాట్ల బల్బుతో అది సరిగా పనిచేయదు.

పాత బి22 (నొక్కి తిప్పే పిన్నుల రకం) హోల్డరులో ఈ27 (మర రకం) బల్బు పెట్టే అడాప్టరు వాడవచ్చా? తాత్కాలికంగా అయితే సరే. కానీ బల్బు మూడు, నాలుగు సెం.మీ. కిందికి జారి షేడు బయటికి కనిపిస్తుంది, కంటికి కొడుతుంది. రెండు కాంటాక్టులకు బదులు నాలుగు అవుతాయి కాబట్టి వదులై వేడెక్కే చోట్లూ రెట్టింపవుతాయి. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని హోల్డరునే మార్పించండి. అప్పుడే లోపలి స్ప్రింగు పిన్నులు నల్లబడి ఉన్నాయేమో చూడండి. నల్లబడితే పక్క పాయింట్ల హోల్డర్లు కూడా అదే వయసువి, వాటినీ విప్పించాలి.